చెప్పని ఏడాది

ఉప్పు పట్టించి ఎండబెట్టిన గొర్రె పక్కటెముకలను తోరున్ పెద్ద గిన్నెలో పరుస్తోంది. పైన చన్నీళ్లు పోసి రాత్రంతా ఉంచితేగాని వాటి ఉప్పు దిగదు. క్రిస్మస్ మర్నాటి భోజనం అత్తగారింట్లో. ఆ రోజు కూర ప్రతి ఏడూ అత్తగారే వండేది. మొన్న శరత్కాలంలో ఆమె తుంటికి ఆపరేషన్ అయింది. బరువులు ఎత్తకూడదు. అందుకని ఎవరూ అడగకుండానే, ఎవరూ చెప్పకుండానే ఆ గిన్నె చిన్న కోడలి చేతికి వచ్చింది.

గైర్ వంటింట్లోకి వచ్చి, ఎప్పుడో ఆరిపోయిన కప్పును తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ల కాపురంలో తోరున్ తెలుసుకున్నదేమిటంటే, అతను ఆరిన కప్పు తుడుస్తున్నాడంటే ఏదో అడగబోతున్నాడని.

"రేపు నాన్న అందర్నీ అడుగుతాడు కదా, ఈ ఏడాదిలో ఏం సాధించారని."

"అడుగుతారు. ఎప్పుడు అడగలేదు గనక?"

"నీ సంగతి... ఈసారికి ఎత్తకు తోరున్. నా మొహం చూసి. కొంచెం సర్దుకోనీ. వచ్చే ఏడు నేనే చెప్తాను ఆయనకి."

ఆమె చేతులు నీళ్లలోనే ఆగాయి. చలికి వేళ్లు ఎర్రబడ్డాయి. అతను గద్దించలేదు. గద్దిస్తే బదులు చెప్పడం తేలికయ్యేది. దగ్గినట్టు, ముందుగానే క్షమాపణ అడుగుతున్నట్టు అడిగాడు.

"సరే," అంది.

'సరే' అంత తొందరగా తన నోట్లోంచి ఊడిపడ్డందుకు ఆమెకే సిగ్గేసింది. గదిలో సోఫా మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న కూతురు సిల్యె తల ఎత్తిందో లేదో ఆమె చూడలేదు.

ఆ సంగతి ఏమిటంటే, తోరున్ కెప్టెన్ అయింది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఫియోర్డ్ అనే సముద్రపు పాయకి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కార్లనీ లారీలనీ మనుషుల్నీ చేరవేసే ఫెర్రీకి కెప్టెన్. పదిహేనేళ్ల కిందట అదే ఫెర్రీ డెక్కు మీద కార్లను వరసలో నిలబెట్టే పనితో మొదలుపెట్టింది. చేతిలో జెండా, వాన చొక్కా, జలుబు. తర్వాత చదువుకుని మేట్ అయింది, అంటే కెప్టెన్ పక్కన నిలబడే రెండో అధికారి. ఆ తర్వాత కెప్టెన్ పరీక్షకు కూర్చుంది. ఎక్కడ కూర్చుంది? ఈ వంటింటి బల్ల దగ్గరే. అందరి గిన్నెలూ కడిగాక, సిల్యె ఆట బట్టలు ఆరేశాక, తను వారం రోజులు ఓడ మీద ఉండబోయే ముందు ఆ వారానికి సరిపడా కూరలు వండి ఫ్రీజర్లో డబ్బాల్లో సర్ది పైన పేర్లు రాశాక. గైర్ కూడా ఫెర్రీ మీదే మేట్, వేరే రేవులో. అతను తన వారం పనికి వెళ్లేటప్పుడు ఏమీ వండి పెట్టి వెళ్లడు. పెట్టాలని అతనికీ తోచలేదు, పెట్టలేదేమని ఆమెకూ తోచలేదు. ఒకసారి ఆమె చదువుకుంటుంటే వెనకనుంచి వంగి పుస్తకంలోకి చూసి, "ఇవన్నీ నాకు పదేళ్ల కిందటే వచ్చు," అన్నాడు నవ్వుతూ. నిజమే. కెప్టెన్ పట్టా అతని దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఖాళీ వస్తే అతనికే వస్తుందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. తోరున్ కూడా.

ఫిబ్రవరిలో ఒక తుఫాను రోజు, ఫియోర్డ్ మధ్యలో ఉండగా వాళ్ల కెప్టెన్ కడుపు పట్టుకుని కూలిపోయాడు. మూత్రపిండంలో రాయి అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నేలమీద మనిషి అరుపులు, అద్దాల మీద ఉప్పునీళ్లు, కింద డెక్కు నిండా బళ్లు, ఒక స్కూలు బస్సు. తోరున్ చుక్కాని అందుకుంది. మొదటిసారి రేవు దగ్గరికి వెళ్లింది గాని గాలి ఓడ ముక్కును పక్కకు తోసేసింది. అలాగే వెళ్తే రేవు గోడకు గుద్దుకుంటుంది. వెనక్కి లాగింది. ఓడను వెనక్కి లాగుతున్నప్పుడు కింద ఎవరో "ఆడమనిషి నడుపుతోంది" అన్న మాట ఆపడం మర్చిపోయిన మైకులోంచి రేడియోలో వినబడింది. రెండోసారి గాలి తగ్గేదాకా ఓపిక పట్టి, గాలి ఊపిరి తీసుకున్న క్షణంలో ఓడను మెత్తగా, నిద్రపోతున్న పిల్లను మంచం మీద దించినట్టు, రేవుకు ఆనించింది. బస్సులో పిల్లలు చప్పట్లు కొట్టారట. ఆమెకు వినబడలేదు. మోకాళ్లు వణకడం మొదలైంది అందరూ దిగిపోయాకే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తలుపు తీస్తే గైర్ లోపల్నుంచి కేకేశాడు: "వస్తూ పాలు తెచ్చావా?" తేలేదు. అయ్యో మర్చిపోయానే అనుకుంటూ మళ్లీ బూట్లు తొడుక్కుని దుకాణానికి వెళ్లింది. జరిగింది చెప్పింది తర్వాతెప్పుడో, అన్నాలప్పుడు, చిన్న సంగతిలా. చెబుతుంటే ఎందుకో గొంతులో తప్పు చేసిన ధ్వని వచ్చింది.

శరత్కాలంలో ఆ కెప్టెన్ పదవీ విరమణ చేశాడు. ఖాళీకి గైర్ దరఖాస్తు పెట్టుకున్నాడు, తోరునూ పెట్టుకుంది. ఆమెకు వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు ఆమె చేసిన మొదటి పని గైర్‌కి ఇష్టమైన బాదం కేకు చేయడం. పిండి కలుపుతూ ఏడ్చింది. సంతోషానికి కాదు. ఎవరి జేబులోంచో ఏదో తీసుకుని పట్టుబడ్డట్టనిపించి. గైర్ కేకు తిన్నాడు. "బావుంది," అన్నాడు. కేకు గురించే అన్నాడు. తర్వాత చాలా రోజులు ఇంట్లో మాటలు వాతావరణం, కరెంటు బిల్లు, సిల్యె బస్సు టైముల దగ్గర ఆగిపోయాయి. నాలుగు బంగారు చారలున్న కొత్త కోటును తోరున్ ఓడ మీది అల్మారాలోనే ఉంచి తాళం వేస్తుంది. దిగే ముందు పాత ఊలు స్వెట్టర్ వేసుకుని, అందులోనే ఇంటికి వస్తుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు.

ఇవి మామగారి చెవిన ఇంకా పడలేదు. ఆయన ముప్పై ఏళ్లు కెప్టెన్‌గా చేసినవాడు. పేరు హాల్వర్. ఆయన పెద్దకొడుకు ఊద్వార్ చేపల పెంపకంలోకి దిగి బాగా గడించాడు. రెండోవాడు గైర్ మీదే ఆయన ఆశ. తను నిలబడ్డ చోట కొడుకు నిలబడాలని, ఎప్పుడో తన దుర్భిణి కూడా తీసి ఇచ్చేశాడు. తోరున్ ఓడలో పనికి చేరిన కొత్తల్లో, "మంచిదే, ఆడవాళ్లుంటే ఓడలో కాఫీ బావుంటుంది," అన్నాడు. ప్రతి క్రిస్మస్‌కీ ఆ మాట ఒకసారి అనేవాడు. ప్రతిసారీ ఆమె నవ్వేది.

*

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. ఫెర్రీ ఎక్కితే అత్తగారి ఊరు అరగంట. గైర్ కారును కొండ దారి పట్టించాడు.

"అటెందుకు?" అంది సిల్యె వెనక సీట్లోంచి. "రెండు గంటలు పడుతుంది."

"మంచులో కొండ చూడ్డానికి బావుంటుంది," అన్నాడు గైర్.

కొండ చూడ్డానికి కాదు. ఫెర్రీ ఎక్కితే డెక్కు మీద కుర్రాళ్లు ఆమెను చూసి "నమస్తే కెప్టెన్" అంటారు. తోరున్‌కి తెలుసు. ఒళ్లోని కూరగిన్నె మూతను రెండు చేతులా అదిమి పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

దారిలో గైర్ కూతుర్ని హుషారు చేశాడు. సిల్యెకు పదిహేడేళ్లు. క్రిస్మస్‌కి ముందు వారమే ఆ పిల్లకు జిల్లా మొత్తానికి జరిగిన లెక్కల పోటీలో మొదటి స్థానం వచ్చింది. వసంతంలో దేశం పోటీకి వెళ్లాలి. "తాత కుర్చీలోంచి ఎగిరి పడతాడు చూడు. నిదానంగా చెప్పు, ఒక్కసారే కక్కేయకు. ముందు ఎంతమంది రాశారో చెప్పు, తర్వాత స్థానం చెప్పు." సిల్యె అద్దంలో తండ్రిని చూసి నవ్వింది, తర్వాత తల్లి మెడ వెనకభాగాన్ని చూస్తూ ఊరుకుంది.

అత్తగారింట్లో కట్టెల పొయ్యి వేడిగా ఉంది. తోరున్ కోటు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. గిన్నె అడుగున బిర్చి చెట్టు పుల్లలు పేర్చి, ఎముకలు పైన పెట్టి ఆవిరి మీద ఉడికించింది. దుంపలు మెదిపింది. అత్తగారు బోర్గ్‌హిల్ద్ చేతికర్ర మీద ఆనుకుని, "ఉప్పు చూశావా అమ్మాయ్? వెన్న ఇంకాస్త వెయ్యి," అంటూ పక్కనే నిలబడింది. హాల్లో మగవాళ్లు చేపల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. తోడికోడలు ఉన్ని బల్ల మీద కంచాలు సర్దింది.

అందరూ రెండో వడ్డన ముగించాక మామగారు కత్తితో గ్లాసు మీద టింగుమనిపించాడు. ఆ ఇంటి ఆనవాయితీ అది. ఆయన ఓడల మీద తిరిగే రోజుల్లో క్రిస్మస్‌కి ఇంటికొచ్చి, కొడుకులిద్దర్నీ నిలబెట్టి ఏడాది పొడుగునా ఏం సాధించారో చెప్పమనేవాడు. కొడుకులు పెద్దవాళ్లయ్యారు, కోడళ్లు వచ్చారు, మనవలు వచ్చారు. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక్కొక్కరు చెప్పగానే అందరూ గ్లాసులెత్తి 'స్కోల్' అంటారు.

"నేను మొదలుపెడతాను," అన్నాడు హాల్వర్. "నేను బతికున్నాను. అది చాలు." అందరూ నవ్వారు. "బోర్గ్‌హిల్ద్‌కి తుంటి బాగైంది. డాక్టరు మంచి పనివాడు. స్కోల్."

బోర్గ్‌హిల్ద్ అప్పటికే లేచి వంటింటి వైపు నడుస్తోంది, చారుగిన్నె కోసం. తన వంతు వచ్చేసరికి ఆవిడ ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది. ఆ తుంటి బాగవడానికి తోరున్ సెలవు వారాలన్నీ ఈ ఇంట్లోనే గడిపింది. ఆవిడకు స్నానం చేయించి, జుట్టు దువ్వి, గోడ పట్టుకుని చిన్నపిల్లలా నడిపించింది. గ్లాసులన్నీ డాక్టరు కోసం లేచాయి. తోరున్ గ్లాసు కూడా.

ఊద్వార్ కొత్త పడవ కొన్నాడు. స్కోల్. అతని కొడుకు యోస్టైన్ డ్రైవింగ్ పరీక్ష నెగ్గాడు. "లెక్కల్లో మాత్రం మునిగాడు," అన్నాడు ఊద్వార్, కొడుకు వీపు మీద చరుస్తూ. యోస్టైన్ చెవులు ఎర్రబడ్డాయి. అతనూ సిల్యె రాసిన పోటీయే రాశాడు. స్కోల్. ఉన్ని తన పూలమొక్కల గురించి ఏదో చెప్పింది. గైర్ వంతు వచ్చింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఇంటి పైకప్పు వేయించాం. అదీ... ఓడ మీద అంతా బావుంది."

"కెప్టెన్ ఖాళీ వచ్చిందన్నారే మీ వైపు?"

"ఇంకా... చూస్తున్నారు నాన్నా."

"ఓపిక పట్టు. వస్తుంది. స్కోల్." ముసలాయన ఎంతో ప్రేమగా కొడుకు వైపు గ్లాసు ఎత్తాడు. తర్వాత తోరున్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మాయ్. నీ ఏడాది ఎలా గడిచింది?"

తోరున్ కంచంలో శుభ్రంగా నాకిన ఎముకలున్నాయి. వాటిని చూసింది. బల్ల చుట్టూ ఉన్నట్టుండి ఒక నిశ్శబ్దం దిగింది. ఎవరో ఊపిరి బిగపట్టినట్టుంది. అది ఎందుకో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

"నాదేముంది మామగారూ. మామూలే," అంది, నవ్వుతూ, తల కొంచెం పక్కకు వాల్చి. "ఇల్లూ, పనీ. ప్రత్యేకం ఏమీ లేదు."

"ప్రత్యేకం లేకపోవడమే అదృష్టం. స్కోల్!"

గ్లాసులు లేచాయి. బల్ల కింద గైర్ చెయ్యి వచ్చి ఆమె మోకాలు మీద పడింది. కృతజ్ఞతగా నొక్కింది. ఆ ఒత్తిడికి తోరున్ చెంపలు భగ్గుమన్నాయి. అంత ఘోరంగా ఎప్పుడూ ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు.

"చివరగా మా లెక్కల పిల్ల," అన్నాడు హాల్వర్.

గైర్ కుర్చీలో ముందుకు జరిగాడు. మొహం వెలిగిపోతోంది. సిల్యె బల్ల అంచును వేళ్లతో పట్టుకుంది. ఎదురుగా ఉన్న యోస్టైన్‌ని ఒకసారి చూసింది. తర్వాత నవ్వింది, తల కొంచెం పక్కకు వాల్చి.

"నాదేముంది తాతా. మామూలే. స్కూలూ, ఇల్లూ. ప్రత్యేకం ఏమీ లేదు."

"అదేంటి సిల్యె, నీ..." అని గైర్ మొదలుపెట్టాడు.

"నాన్నా, ప్లీజ్."

"స్కోల్!" అన్నాడు హాల్వర్.

తోరున్ గ్లాసు ఎత్తలేదు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. ఆ తల వాల్చడం తెలుసు. ఆ మాటలు ఒక్కటి కూడా మారలేదు. ఒక నిమిషం కిందట తన నోట్లోంచి వచ్చినవే. పిల్ల వాటిని ఎక్కడ నేర్చుకుందో వెతకనక్కర్లేదు. ఆమె లేచి ఖాళీ కంచాలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని వంటింట్లోకి వెళ్లింది. కంచాలు మోస్తున్న ఆడమనిషిని ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగరు.

బోర్గ్‌హిల్ద్ అక్కడ కాఫీ కెటిల్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కోడల్ని చూడగానే ఆవిడ కళ్లు చెమర్చాయి. చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"విన్నాను తల్లీ. తలుపు దగ్గరే ఉన్నాను. ఎక్కడ చెప్పేస్తావో అని గుండె దడదడలాడింది నాకు."

"ఏం చెప్పేస్తాననీ అత్తయ్యా?"

"నాకు తెలీదనుకున్నావా? పేపర్లో నీ ఫోటో పడింది. ఎంత బావున్నావో ఆ టోపీలో. ఆయన లేచేలోపు చూసి పొయ్యిలో పెట్టేశాను. ఆయన ఈ మధ్య బయటికి వెళ్లడం లేదు కాబట్టి సరిపోయింది. ఊద్వార్‌కీ ఉన్నికీ కూడా ఫోన్ చేసి చెప్పాను, క్రిస్మస్ పూట నోరెత్తొద్దని." ఆవిడ గొంతు తగ్గించింది. "అయినా నువ్వు నోరు జారవని నాకు నమ్మకమే. పెద్ద మనసు నీది. మగాడి పరువు నిలబెట్టడం తెలిసినదానివి. ఆ విద్య అందరికీ రాదమ్మాయ్. మా అత్త నాకు నేర్పింది, నీకు నేర్పే అవసరమే నాకు రాలేదు."

తోరున్‌కి ఆ బల్ల దగ్గరి నిశ్శబ్దం అప్పుడు అర్థమైంది. ముసలాయన తప్ప అందరికీ తెలుసు. ఆమె తల వాల్చి 'మామూలే' అంటున్నప్పుడు అది అబద్ధమని తెలిసి, ఆ అబద్ధం ఎంత బాగా ఆడుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆడాక ఊపిరి పీల్చుకుని గ్లాసులెత్తారు. తన ఫోటో ఈ పొయ్యిలోనే కాలింది. అత్తగారు ప్రేమతోనే కాల్చింది. ఇప్పుడూ ప్రేమతోనే చేయి పట్టుకుంది. ఎవర్ని కోప్పడాలి? అత్తగారి వేళ్లు వెచ్చగా, ముడతలు పడి, ఆ మణికట్టును నిమురుతూ ఉన్నాయి. ఇన్నేళ్లలో అత్తగారి దగ్గర్నుంచి ఇంత మెప్పు దొరికింది ఇదే మొదలు. కెప్టెన్ అయినందుకు కాదు, కానట్టు నటించినందుకు.

"కాఫీ పొంగుతోంది అత్తయ్యా," అంది తోరున్.

*

వెలుగు పోతుండగా బయల్దేరారు. మధ్యాహ్నం మూడు దాటితే ఆ కొండల్లో చీకటే. పైన మంచు గాలి లేచింది. కనుమ మొదట్లో అడ్డుకర్ర వేసి ఉంది. మంచు తోసే బండి పైనుంచి తిరిగి వస్తే, దాని వెనక కార్లన్నీ వరసగా వెళ్లాలి. అప్పటికే ఐదారు కార్లు ఆగి ఉన్నాయి. గైర్ వాటి వెనక ఆపి, ఇంజన్ నడుస్తుండగానే వెనక్కి తిరిగాడు. ఇంటి గేటు దాటినప్పటినుంచీ ఆ ప్రశ్న అతని నోట్లో నానుతోంది.

"ఎందుకు చెప్పలేదు సిల్యె? తాత ఎంత పొంగిపోయేవాడు!"

"యోస్టైన్ ఎదురుగా ఉన్నాడు కదా. పాపం వాళ్ల నాన్న అప్పుడే అందరిలో వాడి పరువు తీశాడు. మళ్లీ నేను చెప్తే..."

"వాడికి రాకపోతే నీ తప్పా? నువ్వు కష్టపడ్డావు, నీకు వచ్చింది. అది దాచుకోడానికి నువ్వేమన్నా దొంగతనం చేశావా? అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?"

మాట నోట్లోంచి వచ్చాక గైర్ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. అతను మెల్లగా ముందుకు తిరిగి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. తోరున్ వైపు చూడలేదు.

"నిన్న వంటింట్లో నువ్వు అమ్మతో అన్నది విన్నాను," అంది సిల్యె. నిందగా అనలేదు. అర్థం కానిదాన్ని అడిగినట్టు అంది. "అమ్మ వెంటనే సరే అంది. బల్ల దగ్గర ఎంత బాగా చెప్పిందో. నీకు బాధ కలగకుండా. నేనూ అలాగే చేశాను. అది మంచి పనే కదమ్మా?"

సిగ్గు అనేది మొహానికి వస్తుందని తోరున్ ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడది ఎముకల్లోకి దిగింది. గాలి ఓడను గోడ మీదికి తోస్తుంటే వెనక్కి లాగిన చేతులు ఇవి. ఒక భోజనాల బల్ల దగ్గర మాత్రం తను ఒక్క వాక్యం చెప్పలేకపోయింది. చెప్పలేకపోవడం ఒక ఎత్తు. దాన్ని మంచితనం అనుకుని లోలోపల కొంచెం మురిసిందే, అది ఇంకో ఎత్తు. గైర్ కోసం నోరు మూసుకున్నాననుకుంది. అత్తయ్య మెప్పు కోసం, ఇంటి శాంతి కోసం, ఎవరి కళ్లలోనూ గుచ్చుకోకుండా ఉండడం కోసం మూసుకుంది. పాల కోసం మళ్లీ దుకాణానికి వెళ్లినప్పుడు, కోటు అల్మారాలో పెట్టి తాళం వేసినప్పుడు, ఆ కేకు పిండి కలిపినప్పుడు ఈ పిల్ల ఇంట్లోనే ఉంది. చూస్తూనే ఉంది. లెక్కలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న పిల్ల, ఇది నేర్చుకోవడం ఎంతసేపు? ఇంకో ఇరవై ఏళ్లకు సిల్యె ఎవరి ముందో తల పక్కకు వాల్చి, ఎవరి పరువో నిలబెట్టి, వంటింట్లోకి కంచాలు మోసుకుపోతుంది. అక్కడ స్టూలు మీద కూర్చుని, 'పెద్ద మనసు నీది తల్లీ' అని చెయ్యి పట్టుకునేది ఎవరు? తనేనా?

ముందు కార్ల ఎర్రదీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. మంచు తోసే బండి పసుపు దీపం తిప్పుకుంటూ కిందికి వస్తోంది.

"బండి తిప్పు గైర్," అంది తోరున్.

"ఏంటి?"

"వెనక్కి తిప్పు. మీ నాన్నగారింటికి."

"ఇప్పుడా? అడ్డుకర్ర ఎత్తబోతున్నారు. ఈసారి పోతే మళ్లీ ఎప్పుడో..."

"తెలుసు."

"తోరున్, నేను... ఆయనకి నేనే చెప్తానన్నాను కదా."

"నీది నువ్వు చెప్పుకో. నాది నేను చెప్పాలి." ఆమె అతని వైపు తిరిగింది. "నీ మీద కోపంతో కాదు. నువ్వు అడిగావు, సరే అన్నది నేను. ఆ సరే నాది."

అడ్డుకర్ర లేచింది. ముందు కార్లు కదిలాయి. వెనకనున్న కారు హారన్ కొట్టింది. గైర్ మొహం బూడిద రంగులో ఉంది, ఒక్కసారిగా తండ్రి వయసు వచ్చినట్టు. తర్వాత స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పి, కిర్రుమనే మంచు మీద బండిని వచ్చిన దారికే మళ్లించాడు. దారిలో ఒకసారి అతను, "నేనూ లోపలికి వస్తాను," అన్నాడు. ఆమె తల ఊపింది.

అత్తగారింటి వాకిట్లో దిగేసరికి తోరున్ కాళ్లు తుఫాను రోజు వణికినట్టే వణుకుతున్నాయి. అయితే ఆ రోజు అంతా ముగిశాక వణికాయి. ఈ రోజు ఇంకేమీ మొదలుకాకముందే. చెంపలు ఇంకా మండుతూనే ఉన్నాయి. సిగ్గు పోలేదు. అది పోయేదాకా ఆగితే ఈ జన్మకి చెప్పలేనని ఆమెకు అర్థమైంది. సిల్యె కారు దిగి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

తలుపు తీసింది మామగారే. ఇంటి చెప్పులు, ఊలు చొక్కా, నుదుటి మీదికి తోసుకున్న కళ్లద్దాలు. ఆయన భుజం వెనక, చేతికర్ర పట్టుకుని బోర్గ్‌హిల్ద్ మొహం. కోడలి మొహంలోకి చూడగానే ఆవిడకు అర్థమైపోయింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది, చాలా కొద్దిగా.

"ఏమయింది? దారి మూసేశారా? ఏమన్నా మర్చిపోయారా?" అన్నాడు హాల్వర్.

"లేదు మామగారూ," అంది తోరున్. "మధ్యాహ్నం మీరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. ఇంకొక్కసారి అడగండి."